ఇంటిల్లిపాదికీ ఒక చోటు

పెళ్లాం పిల్లల్ని ఇంట్లో వదిలి, తానొక్కడే కాసేపు ఈత కొట్టి పోదామని వచ్చే మగవాడిని అక్కడ చేర్చుకునేవారు కాదు. పిల్లల్ని పంపించి తాము దూరంగా ఉంటామనే తల్లిదండ్రులకూ అదే జవాబు. చేరితే ఇల్లంతా చేరాలి. ఇంటి మొత్తానికి కలిపి వారానికి ఒక షిల్లింగు రుసుము. ఆ రోజుల్లో ఇరవై సిగరెట్ల పెట్టె వెల దాదాపు అంతే. ఇంకొక షరతు కూడా ఉండేది. తల్లి చంటిబిడ్డను తోపుడుబండిలో పడుకోబెట్టుకుని నడిచి రాగలిగినంత దగ్గర్లోనే, అంటే సుమారు ఒక మైలు లోపే ఆ ఇల్లు ఉండాలి.

దక్షిణ లండన్‌లోని పెకం పేటలో 1935లో తలుపులు తెరిచిన ఈ స్థలం పేరు పయొనీర్ హెల్త్ సెంటర్. అక్కడికి వచ్చేవాళ్లు దాన్ని ‘సెంటర్’ అనే పిలిచారు. చరిత్రలో అది ‘పెకం ప్రయోగం’గా నిలిచింది. పేరులో ఆరోగ్యం ఉంది. నడిపినవాళ్లు డాక్టర్లు. కానీ అక్కడ ఎవరికీ చికిత్స చేసేవారు కాదు. ఇరుగుపొరుగు కుటుంబాల కోసం ఎవరు ఏ కార్యక్రమం తలపెట్టినా ఈ పేట కథ ఒకసారి తెలుసుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎందుకంటే, కుటుంబాలకు ఏం నేర్పాలా అని కాకుండా, వాళ్లకు ఏం అందుబాటులో ఉంచితే వాళ్లే ఏం చేసుకుంటారో చూద్దామని ఓపిక పట్టిన మనుషులు అక్కడ ఉన్నారు.

ఆ మనుషుల్లో ముఖ్యులు ఇద్దరు. జార్జ్ స్కాట్ విలియమ్సన్ స్కాట్లండ్‌కు చెందిన రోగనిదాన నిపుణుడు. ఇన్నెస్ పియర్స్ వైద్యురాలు. థైరాయిడ్ గ్రంథి మీద పరిశోధన వాళ్లిద్దరినీ కలిపింది. రోగుల్ని ఎంతకాలం పరీక్షించినా ఒక ప్రశ్న వాళ్లను వదల్లేదు. జబ్బు ఎలా పుడుతుందో, ఎలా ముదురుతుందో వైద్యానికి చాలా తెలుసు. మరి ఆరోగ్యం ఎలా ఉంటుంది? అది ఎలా పెరుగుతుంది? ఆసుపత్రిలో కూర్చుంటే దాన్ని చూడటం కుదరదు, ఆరోగ్యంగా ఉన్నవాడు అక్కడికి రాడు కాబట్టి. అతన్ని చూడాలంటే అతను తనంతట తాను ఇష్టపడి, ఇంటిల్లిపాదితో వచ్చే చోటొకటి కావాలి.

1926లో పెకం పేటలోనే క్వీన్స్ రోడ్డు మీద ఒక మామూలు ఇల్లు తీసుకుని మొదలుపెట్టారు. ఒక వైద్యపరీక్షల గది, నలుగురూ కూర్చునేందుకు చిన్న క్లబ్బు, మధ్యాహ్నం పూట పసిపిల్లల్ని ఉంచుకునే ఏర్పాటు. మూడేళ్లలో 112 కుటుంబాలు చేరాయి. ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఏటా నిండుగా పరీక్షించాలన్నది ఒప్పందం. ఆ పరీక్షల్లో తేలింది చూసి డాక్టర్లే ఉలిక్కిపడ్డారు. మాకేం, బాగానే ఉన్నాం అనుకుంటున్న వాళ్లలో చాలామందికి ఏదో ఒక లోపం ఉంది. వాళ్లను వైద్యానికి పంపితే నయమయ్యేది. కొన్నాళ్లకు మళ్లీ మొదటికొచ్చేది. తిరిగి వెళ్తున్నది అదే ఇరుకు బతుక్కి మరి. అదే పని, అదే గది, పలకరించే మనిషి లేని అదే సాయంత్రం. ఇలా ఒక్కొక్కరికీ మరమ్మతులు చేసుకుంటూ పోతే లాభం లేదనీ, బతుకు చుట్టూ ఉన్న జాగానే విశాలం చేయాలనీ నిర్ణయించుకున్నారు. 1929లో ఆ ఇంటిని మూసేసి, పెద్ద భవనానికి డబ్బు కూడబెట్టే పనిలో పడ్డారు.

పెకం‌ను వాళ్లు ఏరికోరి ఎంచుకున్నారు. అది లండన్‌లోని నిరుపేదల వాడ కాదు. చేతిపని వాళ్లు, గుమాస్తాలు, చిన్న దుకాణాల వాళ్లు, ఏదో ఒక జీతం రాళ్లు వచ్చే కుటుంబాలు అక్కడ ఎక్కువ. ఆకలి, నిరుద్యోగం లాంటి పెద్ద కష్టాలు లేనిచోట కూడా ఆరోగ్యం ఎందుకు కుంటుపడుతోందన్నది వాళ్ల ప్రశ్న. అందుకే ఇక్కడ తేలినవన్నీ పూటగడవని వాడలకు యథాతథంగా వర్తిస్తాయని నేననుకోను. ఒంటరిగా బతికే మనుషులకు చోటు లేకపోవడం కూడా నాకు లోటుగానే కనిపిస్తుంది. అయినా ఈ హద్దుల్ని వాళ్లు దాచలేదు. ఎవరిని చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో మొదటి నుంచీ చెప్పుకున్నారు.

కొత్త భవనాన్ని రూపొందించింది ఇంజినీరు సర్ ఓవెన్ విలియమ్స్. కాంక్రీటు, గాజు కలిపి కట్టిన మూడంతస్తుల భవనం. నట్టనడుమ పెద్ద ఈతకొలను. దాని చుట్టూ అన్నీ అమర్చారు. కాఫీ, ఫలహారాలు దొరికే పొడవాటి హాలు, వ్యాయామశాల, నాటకాలు వేసుకునే రంగస్థలం, బిలియర్డ్స్ బల్లలు, పసిపిల్లల గది, పై అంతస్తులో పరీక్షల గదులు, ప్రయోగశాల. చెప్పులు లేకుండా తిరిగేందుకు అనువుగా నేలమీద బెరడు పలకలు పరిచారు. లోపలి గోడలు చాలావరకు గాజువే. హాల్లో టీ తాగుతున్నవాళ్లకు ఒకపక్క కొలనులో ఈదేవాళ్లూ, ఇంకోపక్క వ్యాయామశాలలో ఎగిరేవాళ్లూ కనిపిస్తూ ఉంటారు. అరుగు మీద కూర్చుని వీధిని చూసినట్టు, పక్కింటివాళ్లు ఏం చేస్తున్నారో ఊరికే చూడొచ్చు.

అలా చూడటంలోనే కిటుకంతా ఉంది. ఎక్కడో ఈత పోటీల్లో గెలిచిన వీరుణ్ని చూస్తే నలభై ఏళ్ల ఇల్లాలికి ఈత నేర్చుకోవాలనిపించదు. తన వీధిలోనే ఉండే, తనలాగే లావుగా ఉన్న ఇంకో ఇల్లాలు భయపడుతూనే నీళ్లలో దిగుతుంటే చూస్తే అనిపిస్తుంది. విలియమ్సన్, పియర్స్ ఈ సంగతిని గట్టిగా నమ్మారు. అందుకే ఫలహారశాలలో వడ్డించేవాళ్లను పెట్టలేదు. ఎవరికి కావలసింది వాళ్లే లేచి తెచ్చుకోవాలి. లేస్తే నడుస్తారు, నడిస్తే నలుగురూ కనబడతారు, మాట కలుస్తుంది. వస్తువులన్నీ చేతికందే చోట ఉండేవి. ఎవరినైనా అడిగి, తాళం తీయించుకుని వాడుకోవాలంటే సగంమంది అడగకుండానే వెళ్లిపోతారని వాళ్లు గ్రహించారు.

ఏటేటా జరిగే పరీక్ష పద్ధతి కూడా ఆలోచించదగ్గది. ముందు ప్రయోగశాలలో రక్తం వగైరా పరీక్షలు. ఆ తర్వాత డాక్టరు చూస్తారు. ఆడవాళ్లను చూసేందుకు మహిళా డాక్టరు ఉండేవారు. పనులకు వెళ్లేవాళ్లకు జీతం కోత పడకుండా సాయంత్రాల్లోనే పెట్టేవారు. అన్నీ అయ్యాక కుటుంబమంతా డాక్టర్లతో కలిసి కూర్చునేది. ఫలానా మందు వేసుకో, ఫలానా అలవాటు మానుకో అని చెప్పరు. నీ ఒంట్లో పరిస్థితి ఇదీ అని ఉన్నది ఉన్నట్టు వివరిస్తారు. ఆ మాటలు పిల్లల ముందే, వాళ్లకు అర్థమయ్యేలా సాగుతాయి. వైద్యం అవసరమైతే బయట ఎక్కడ చేయించుకోవాలో చూపిస్తారు. ఏం చేయాలన్నది ఆ ఇంటివాళ్ల నిర్ణయం. సలహా ఇవ్వకుండా తమాయించుకోవడం డాక్టర్లకు ఎంత కష్టమో ఊహించండి. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ నిగ్రహమే.

ఆ పరీక్షల్లో ఏ లోపమూ కనబడనివాళ్లు నూటికి పదిమంది మించలేదు. ఆడవాళ్లలో రక్తంలో ఇనుము తక్కువ ఉండటం మామూలైపోయింది. చాలామందికి తమకు నలతగా ఉందన్న స్పృహే లేదు. అలసట బతుకులో భాగమనుకున్నారు.

అయితే రక్తపరీక్షలో కనబడని లోటు ఇంకొకటి బయటపడింది. ఆ పేటలో దంపతులెందరికో స్నేహితులంటూ లేరు. పెళ్లైంది, వేరు కాపురం పెట్టారు, బిడ్డ పుట్టింది. మగవాడు పనికి వెళ్తే ఆడమనిషి నాలుగు గోడల మధ్య. పక్కవాటా వాళ్ల పేరు కూడా తెలియని ఇళ్లున్నాయి. ఇలాంటివాళ్లు సెంటర్‌కు వచ్చినా మొదట్లో ఒక మూల కూర్చుని చూసి వెళ్లిపోయేవారు. ఎవరూ బలవంతం చేయలేదు. కొంతకాలానికి పసిపిల్లల గదిలో ఇద్దరు తల్లులు మాట్లాడుకుంటారు. ఇంకొన్నాళ్లకు వాళ్ల భర్తలు బిలియర్డ్స్ బల్ల దగ్గర కలుస్తారు. కుట్టుపని, డాన్సు బ్యాండు, నాటకం, బ్యాడ్మింటన్ లాంటివి చాలావరకు సభ్యులే తమంతట తాము మొదలుపెట్టుకున్నారు. ముచ్చట తీరితే ఆపేశారు కూడా. దాన్ని ఎవరూ వైఫల్యంగా లెక్కగట్టలేదు. చేరినవాళ్లందరూ నిలవలేదన్నది కూడా నిజమే. కొందరు కొన్ని నెలలు వచ్చి మానేశారు.

పిల్లల సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. తెరిచిన కొత్తలో పిల్లలు భవనాన్ని కిష్కింధ చేశారు. మెట్ల మీద పరుగులు, అరుపులు, విరగ్గొట్టడాలు. నియమాలు పెట్టండి, పర్యవేక్షకుణ్ని వేయండి అని సిబ్బందే మొరపెట్టుకున్నారు. విలియమ్సన్ ఒప్పుకోలేదు. క్రమశిక్షణను పైనుంచి రుద్దితే పిల్లల అసలు స్వభావం మనకెప్పటికీ తెలియదన్నది ఆయన పట్టుదల. నెలలు గడిచాయి. చేయడానికి రకరకాల పనులు చేతికందేకొద్దీ గోల దానంతటదే సద్దుమణిగింది.

లూసీ క్రాకర్ అనే ఆమె అక్కడ పిల్లలకు ఒక పద్ధతి పెట్టింది. ఈత కొట్టాలన్నా, స్కేటింగ్ చక్రాలు కావాలన్నా, వ్యాయామశాలలోకి వెళ్లాలన్నా పిల్లవాడు వచ్చి తనకేం కావాలో చెప్పి ఒక చీటీ తీసుకోవాలి. రుసుమేమీ లేదు. ఈ చీటీలతో రెండు పనులు జరిగేవి. లోతు నీళ్లలో దిగే సత్తా ఆ పిల్లవాడికి ఉందో లేదో పెద్దవాళ్లకు తెలిసేది. సాయంత్రానికి చీటీలన్నీ పోగుచేస్తే ఏ పిల్లవాడు ఏం చేశాడో, ఏది మానేసి దేనివైపు మళ్లాడో లెక్క దొరికేది. పిల్లల వెంట పడకుండానే వాళ్లను గమనించే ఉపాయం అది. ఒకే వ్యాయామశాలలో వేర్వేరు వయసుల పిల్లలు, ఎవరి ఆట వాళ్లాడుకుంటూ, ఒకరినొకరు ఢీకొనకుండా తిరగగలగడం చూసి బయటి నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఆశ్చర్యపోయేవారు.

గర్భం దాల్చిన నాటి నుంచే కాదు, అంతకుముందే, పెళ్లి చేసుకోబోయే జంటగా ఉన్నప్పుడే ఆరోగ్యం గురించి మాట్లాడాలని పియర్స్ అనేది. ఆ సంభాషణల్లో తండ్రికి కూడా పాత్ర ఉండాలన్నది ఆ రోజులకు కొత్త మాట. తల్లులకూ పిల్లలకూ మంచి పాలు, తాజా కూరగాయలు అందాలని బ్రామ్లీ కామన్ దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రాన్ని కూడా నడిపారు.

సుమారు 950 కుటుంబాలు ఈ ప్రయోగంలో పాలుపంచుకున్నాయి. కానీ భవనాన్ని కట్టింది 2,000 కుటుంబాల కోసం. అన్ని కుటుంబాలు చేరితేనే షిల్లింగుల రాబడితో రోజువారీ ఖర్చు వెళ్లిపోతుందని లెక్క. ఆ లెక్క ఎన్నడూ పూరించలేకపోయారు. దాతల డబ్బు మీద ఆధారపడాల్సి వచ్చింది.

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. బాంబులు పడతాయన్న నగరంలో గాజు భవనాన్ని తెరిచి ఉంచలేరు. సెంటర్ మూతపడింది. భవనం యుద్ధ సామగ్రి తయారుచేసే ఫ్యాక్టరీ అయింది. 1943లో పియర్స్, క్రాకర్ కలిసి తమ అనుభవాన్ని ‘ది పెకం ఎక్స్‌పెరిమెంట్’ అనే పుస్తకంగా రాశారు. యుద్ధం నడుమ కూడా దానికి పాఠకులు బాగానే దొరికారు. యుద్ధం ముగియగానే పాత సభ్యులు మళ్లీ తెరవమని పట్టుబట్టారు. తామే వచ్చి శుభ్రం చేశారు, మరమ్మతులకు చేయి వేశారు. 1946లో కొలను మళ్లీ నిండింది. 1948లో ఈ సెంటర్ మీద ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా వచ్చింది.

అదే 1948 జూలై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ ఉచిత వైద్యం. నిస్సందేహంగా అది గొప్ప అడుగు. పెకం సెంటర్‌ను కూడా అందులో కలుపుకోమని అడిగితే మాత్రం కుదరలేదు. కారణాలు ఇవీ. ఇది జబ్బుకు వైద్యం చేయదు, ఆరోగ్యాన్ని చూస్తుంది. వ్యక్తిని కాక కుటుంబాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అందరికీ తెరిచి ఉండదు, ఒక మైలు లోపు వాళ్లకే. ఉచితం కాదు, రుసుము కట్టాలి. తన పాలన తానే చూసుకుంటుంది. ప్రభుత్వ నియమాల వైపు నుంచి చూస్తే ఆ అయిదూ అడ్డంకులే. కానీ ఆ అయిదింటినీ తీసేస్తే పెకంలో మిగిలేది ఒక ఈతకొలను మాత్రమే. 1950లో డబ్బు అయిపోయి సెంటర్ శాశ్వతంగా మూతపడింది. విలియమ్సన్ 1953లో కన్నుమూశాడు. 1950లో ఆయన్ను పెళ్లాడిన పియర్స్ 1978 వరకు జీవించి, ఆ ప్రయోగం గురించి రాస్తూనే ఉంది.

భవనాన్ని లండన్ కౌంటీ కౌన్సిల్ కొనుక్కుంది. చాలాకాలం అక్కడ వయోజనులకు తరగతులు నడిచాయి. ఇప్పుడది రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. లోపల ఫ్లాట్లు చేసి అమ్మారు. సెంటర్‌లో పిల్లల మధ్య పనిచేసిన ఆలిసన్ స్టాలిబ్రాస్ తర్వాతి రోజుల్లో పాత సభ్యుల జ్ఞాపకాలను సేకరించి 1989లో పుస్తకంగా తెచ్చింది. అప్పటికి వాళ్లంతా పెద్దవాళ్లైపోయారు. ఈత నేర్చుకున్న సంగతీ, డాన్సు సాయంత్రాలూ, అక్కడ కుదిరి ఏళ్ల తరబడి నిలిచిన స్నేహాలూ వాళ్లకు గుర్తున్నాయి.