హ్యూగో అవార్డులు: ఓటింగు వివాదాలు

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డులు 1953లో ఫిలడెల్ఫియాలో మొదలయ్యాయి. విజేతలను తేల్చేది పండితుల సంఘం కాదు, వరల్డ్‌కాన్ అనే వార్షిక సదస్సుకు రుసుము కట్టిన సభ్యులు. పాఠకుడి ఓటే వీటి ప్రతిష్ఠ, బలహీనత కూడా. నామినేషన్లలో ఓట్లు లెక్కలేనన్ని రచనల మధ్య చీలిపోతాయి. అందువల్ల ఒకే జాబితాకు కట్టుబడిన చిన్న జట్టు కూడా తుది పోటీని ఆక్రమించగలదు. 2015లో ‘శాడ్ పపీస్’, ‘రాబిడ్ పపీస్’ వర్గాలు చేసింది అదే. మండిపడ్డ సభ్యులు ఐదు విభాగాల్లో ‘ఎవరికీ వద్దు’ అన్న ఓటును గెలిపించారు (మన నోటాకు లేని బలం దానికుంది). ఆ ఏటి ఉత్తమ నవల, లియు సిషిన్ ‘ద త్రీ-బాడీ ప్రాబ్లమ్’, మరో పోటీదారు తప్పుకోవడంతో బరిలోకి వచ్చింది. జట్టు ఓట్ల బరువు తగ్గించే లెక్కింపు 2017లో అమలైంది.

2023లో చెంగ్డు వరల్డ్‌కాన్‌లో దెబ్బ ఓటర్ల వైపు నుంచి కాదు, నిర్వాహకుల వైపు నుంచి తగిలింది. ఆర్.ఎఫ్. క్వాంగ్ నవల ‘బేబెల్’ను కారణం చెప్పకుండా అనర్హమన్నారు. మరుసటి ఏడాది గ్లాస్గో నిర్వాహకులు 377 ఓట్లను రద్దు చేసి, ఆ సంగతి ఫలితాలకు ముందే ప్రకటించారు.