వెలుగుతున్నా పని చేయని దీపం

పెళ్లిపత్రిక మీద వధూవరుల పేర్లు మాత్రమే తళతళ మెరుస్తుంటాయి. ప్రెస్సువాళ్లు దాన్ని ‘స్పాట్ యూవీ’ అంటారు. ఆ పూత గాలికి ఆరదు. క్వార్ట్జ్ గొట్టం దీపం కిందుగా కాగితం దాటేలోపే గట్టిపడిపోతుంది. ఆ దీపానికి ఆయుష్షు వెయ్యి గంటలో, రెండు వేల గంటలో. చిక్కేమిటంటే, కాలం తీరిన దీపం కూడా కంటికి నిండుగానే వెలుగుతుంది. చేతికి మాత్రం పూత జిగటగా తగులుతుంది. అసలు పని కంటికి కనబడని యూవీ, అంటే అతినీలలోహిత కిరణాలది మరి.

వాటి జాడ 1801లో జర్మనీలోని యేనాలో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్‌కు చిక్కింది. పట్టకంతో విడదీసిన ఎండలో, ఊదారంగుకు అవతల ఏ వెలుగూ లేని చోట సిల్వర్ క్లోరైడ్ అన్నిటికన్నా తొందరగా నల్లబడింది.

దీపం రావడానికి మరో నూరేళ్లు పట్టింది. 1901లో అమెరికాలో పీటర్ కూపర్ హ్యూయిట్ పాదరసపు ఆవిరి దీపానికి పేటెంట్ పొందాడు. కానీ అది గాజుగొట్టం. మామూలు గాజు వెలుగును బయటికి వదిలి, పనికొచ్చే కిరణాలను చాలావరకు మింగేస్తుంది. అందుకే నా దృష్టిలో ఈ కథకు నాయకుడు రిచర్డ్ క్యూఖ్. జర్మనీలోని హనావ్ ఊళ్లో హెరేయస్ కంపెనీ అప్పటికే హైడ్రోజన్, ఆక్సిజన్ మంటతో ప్లాటినం కరిగిస్తుండేది. 1899లో ఆ కంపెనీలోనే పనిచేసే క్యూఖ్ అదే మంటలో, దాదాపు 2000 డిగ్రీల వేడిలో స్ఫటికాన్ని కరిగించి తేటైన క్వార్ట్జ్ గాజు తీశాడు. అది ఆ కిరణాలకు దారి ఇస్తుంది, దీపం వేడికి మెత్తబడదు. కొన్నేళ్లకే పాదరసం క్వార్ట్జ్ గొట్టంలోకి చేరింది. ముందు వైద్యులే దాన్ని అందుకున్నారు. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్ద్‌షిన్‌స్కీ ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బున్న పిల్లలకు ఈ దీపంతోనే నయం చేశాడు.

కిరణాలతో ఆరే సిరాకు 1946లోనే అమెరికాలో పేటెంట్ వచ్చినా, ప్రెస్సుల్లోకి రావడానికి పాతికేళ్లు పట్టింది. 1970ల్లో మామూలు సిరాలోని ద్రావకాల పొగపై చట్టాలు బిగిశాయి, 1973 చమురు సంక్షోభంతో సిరా ఆరబెట్టే కొలిమిల ఇంధనం ఖరీదైంది. కిరణాలతో ఆరే సిరాలో ఆవిరయ్యేది దాదాపు ఏమీ ఉండదు. కిరణం తగలగానే అందులోని ఒక పదార్థం విడిపోయి, మిగతా అణువులను గొలుసులా పెనవేస్తుంది.

దీపం మార్చేటప్పుడు వట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలిముద్రలోని చెమట ఉప్పు ఏడెనిమిది వందల డిగ్రీల వేడికి క్వార్ట్జ్‌లోకి దిగి, అక్కడ తెల్లటి మచ్చ కడుతుంది. ఆ మచ్చ నుంచే గొట్టం బీటలిస్తుంది. అందుకే నూలు తొడుగులు వేసుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బిగిస్తారు.

ఇప్పుడు 395 నానోమీటర్ల ఎల్‌ఈడీలు వస్తున్నాయి, వాటిలో పాదరసం లేదు. కానీ పాత మెషిన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి నుంచి తీసిన గొట్టాన్ని పగలనివ్వకుండా, కొత్త దీపం వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి పక్కన ఉంచాలి. ఆ గొట్టం లోపలి గోడకు సన్నని వెండిచుక్కల్లా పాదరసం అంటుకునే ఉంటుంది.