కార్ల పరిశ్రమకు విదేశీ పెట్టుబడులు: మారుతి నుంచి కియా దాకా

పెనుకొండ: కరవు సీమగా పేరొందిన పెనుకొండ ప్రాంతం నుంచి నేడు విదేశాలకు కార్లు ఎగుమతి అవుతున్నాయి. దీని వెనుక నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది.

ఆరంభం ఇలా..
1981లో ప్రభుత్వ సంస్థగా మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. మరుసటి ఏడాది జపాన్‌కు చెందిన సుజుకి భాగస్వామిగా చేరింది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు విధానం తొలగింది. కొరియా సంస్థ హ్యుందాయ్ 1996లో భారత్‌లో అడుగుపెట్టి తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో కర్మాగారం నిర్మించింది. 2002 నాటి వాహన విధానం ముందస్తు అనుమతి లేకుండానే నూరు శాతం విదేశీ పెట్టుబడికి వీలు కల్పించింది.

ఆకర్షణ ఏమిటి?
విశాలమైన విపణి, తక్కువ వేతన వ్యయం, విడిభాగాల పరిశ్రమ ప్రధాన కారణాలు. దిగుమతి కార్లపై సుంకం భారీగా ఉన్నందున ఇక్కడ తయారు చేయడమే లాభదాయకమైంది.

పెనుకొండకు కియా
2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో కియా ఒప్పందం కుదుర్చుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో ఎర్రమంచి వద్ద కర్మాగారం వెలిసింది. గొల్లపల్లి జలాశయం నీరు, బెంగళూరు-హైదరాబాద్ జాతీయ రహదారి కలిసివచ్చాయి. 2019 ఆగస్టులో సెల్టోస్ విడుదలైంది.

మరచిపోరాని పాఠం
వచ్చిన సంస్థలన్నీ నిలవలేదు. జనరల్ మోటార్స్ 2017లో దేశీయ అమ్మకాలు ఆపింది. నష్టాల కారణంగా 2021లో ఫోర్డ్ తయారీకి స్వస్తి ప్రకటించడంతో వేలాది కార్మికుల భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. రాయితీలు పరిశ్రమను రప్పించగలవే గాని నిలబెట్టలేవు. విడిభాగాల యూనిట్లు విస్తరించి, స్థానిక యువత నైపుణ్యం సాధించినప్పుడే ఆ పెట్టుబడి ఈ నేలలో వేళ్లూనుతుంది.