పాలమూరు సీమలో కనికరము: ఒక చారిత్రక పరిశీలనము

గద్వాల, వనపర్తి సంస్థానముల పేరు వినగానే తెలుగు విద్యార్థికి పండిత సభలు, కవులకు జరిగిన సత్కారములు స్ఫురించును. గద్వాలకు 'విద్వద్గద్వాల' యను ప్రసిద్ధియే కలదు. సంస్థానముల సాహిత్యపోషణమును గూర్చి మన పరిశోధకులు శ్రమించి వ్రాసిరి. కాని ఆ సభలకు ప్రవేశము లేని జనుల నడుమ, అవే ఊళ్ళలో, మరియొక చరిత్ర నడచినది. అది తెలుగు క్రైస్తవ సంఘముల చరిత్ర. అందు ప్రధానమైన మాట కనికరము. ఈ మాట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఎట్లు ఆచరణరూపము దాల్చెనో, దానిని మనము దేనితో కొలువవలయునో ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

కనికరము క్రైస్తవులు కల్పించిన పదము కాదు. కన్నడమున 'కనికర', తమిళమున 'కనికరం' అను రూపములతో నున్న ఈ మాట దక్షిణ భాషల ఉమ్మడి సొత్తు. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారినాటినుండి పలుమార్లు సంస్కరింపబడుచు వచ్చిన తెలుగు బైబిలు దీనిని దయ, కృప, జాలి యను మాటలతోపాటు స్వీకరించినది. కాని తెలుగు క్రైస్తవుల వాడుకలో కృప ప్రధానముగా దైవము నుండి దిగివచ్చునది. కనికరమో, దైవము మనుష్యునియెడ చూపునదియు, మనుష్యుడు తోటి మనుష్యునియెడ చూపవలసినదియు గూడ. తాను పొందినవాడు ఇతరులకు చూపవలెననుట దీనిలోని నియమము. లూకా సువార్తలోని సమరయుని కథలో గాయపడినవానిని ఆదుకొన్నవాడు పూజ్యుడైన యాజకుడు కాడు. సంఘము తక్కువగా చూచిన జాతివాడు. ఈ అంశమును పాఠకులు మనసున నుంచుకొన ప్రార్థన.

ఇక చరిత్రలోనికి వత్తము. ఈ సీమలో ప్రధానముగా పనిచేసినవారు మెన్నొనైట్ బ్రదరెన్ మిషనువారు. పదునారవ శతాబ్దమున ఐరోపాలో పుట్టిన మెన్నొనైటు మతశాఖ ఆయుధము పట్టనని వ్రతము పూని, హింసలకు లోనై, దేశమునుండి దేశమునకు తరలినది. 1860లో దక్షిణ రష్యాలో వారిలోనుండి బ్రదరెన్ శాఖ యేర్పడినది. రష్యానుండి 1889లో బయలుదేరిన అబ్రహాము ఫ్రీసెను అమెరికన్ బాప్టిస్టుల ఆశ్రయమున నల్లగొండలో పని ప్రారంభించెను. 1899లో అమెరికానుండి ఎన్. ఎన్. హీబర్టు దంపతులు నిజాము రాజ్యమునకు వచ్చి, అనారోగ్యముచే 1901లోనే మరలిపోయిరి. 1904లో వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డు నాగర్‌కర్నూలున కేంద్రము నెలకొల్పెను. అటుపిమ్మట ఫ్రాంక్ జాన్‌జెను వనపర్తిలో పని సాగించెను. మహబూబ్‌నగరు, గద్వాల క్షేత్రములు తొలుత బాప్టిస్టులవి. ఆర్థికమాంద్యమువలన వారు 1937లో వానిని మెన్నొనైట్ బ్రదరెన్ వారికి అప్పగించిరి.

ఈ మిషనులో కనికరము వైద్యరూపమున ప్రత్యక్షమగుట కేథరీన్ షెలెన్‌బర్గు జీవితమున కాననగును. ఆమె 1870లో దక్షిణ రష్యాలో జన్మించి, 1879లో కుటుంబముతో అమెరికా చేరి, వైద్యము చదివి 1907లో ఇచ్చటికి వచ్చెను. నాగర్‌కర్నూలు మొదలగు కేంద్రములలో చికిత్సచేసి, తుదకు శంషాబాదు ఆసుపత్రిలో పనిచేయుచు 1945 జనవరి 1వ తేదీన మరణించెను. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పురుష వైద్యుని యెదుటికి రాజాలని కాలమున స్త్రీవైద్యురాలు వచ్చుట ఎంతటి మేలో ఊహింపవచ్చును. అంతకంటె ముఖ్యము స్పర్శ. అంటరానివారని ఊరివెలుపల నుంచబడిన మాల మాదిగల నాడి పట్టుకొని చూచుటయే ఆనాడొక బోధ. దానికి వేరు వ్యాఖ్యానము పనిలేదు.

అయినను ఈ కథను ఇంతటితో ముగించిన అది స్తోత్రమగును గాని చరిత్ర కాదు. ప్రజలు మిషనరీలను దొరలు, దొరసానులు అనిరి. తెలంగాణమున దొర యనగా భూస్వామి, వెట్టి చేయించుకొనువాడు. అదే పేరు వైద్యము చేసినవారికిని వచ్చుటలో గౌరవముతోపాటు దూరమును గలదు. పైనుండి క్రిందికి వచ్చు దయ గ్రహీతను చేయిచాచువానిగనే నిలుపును. అన్నము, ఔషధము, చదువు మతాంతరీకరణమునకు ఎరలుగా నుండెనా యను ప్రశ్నయు దీనినుండియే పుట్టినది.

ఈ ప్రశ్నను మిషనరీలే ఎదుర్కొన్న సందర్భమొకటి కోస్తా ప్రాంతమున గలదు. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కాని కరవుకాలమున బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. అన్నముకొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకూడదని ఆయన తలంపు. కరవు తీరిన పిదప 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవున చూపిన కనికరమునకు ఆ సంఖ్యతో సంబంధము లేదని మేము చెప్పజాలము. కాని ఆకలిని, విశ్వాసమును వేరుగా నుంచవలెనను వివేకము ఆనాడే యుండెననుట సత్యము.

మరి కనికరమునకు కొలత యేది? పుచ్చుకొన్నవాడు ఇచ్చువాడగుటయే యని మా యభిప్రాయము. దాతయు గ్రహీత కావచ్చుననుటకు మెన్నొనైటుల చరిత్రయే సాక్ష్యము. నల్లగొండకు మిషనరీలను పంపిన రష్యా మెన్నొనైటులే విప్లవానంతరము కరవుపాలైరి. వారికి అన్నము పెట్టుటకు అమెరికాలో 1920లో మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ యేర్పడినది. పాలమూరున ఈ మార్పు మరియొక దిశగా జరిగినది. మిషను బడులలో చదివిన మాల మాదిగ యింటి బిడ్డలలో ఉపాధ్యాయులు, నర్సులు, బోధకులు, బైబిలు స్త్రీలు పుట్టిరి. వారిలో నర్సు పక్కన నిలిచి అగ్రవర్ణపు రోగికి మందిచ్చినపుడు సమరయుని కథ సంపూర్ణముగా తెలుగు కథ యైనది. అంటరానిదని యెంచబడిన చేయి ఆదుకొను చేయి యైనది.

ఐతే మన యాధారములలో ఈ సగమే కొరవడినది. మిషను నివేదికలు ఇంగ్లీషున, జర్మనున, పంపినవారికొరకు వ్రాయబడినవి. వానిలో దొరల పేర్లు, కట్టడములు, లెక్కలు గలవు; రాత్రి వేళ లాంతరు పట్టుకొని పల్లెకు నడచిన బైబిలు స్త్రీ పేరు అరుదు. శంషాబాదున 1932లో జన్మించిన మిషనరీ కుమారుడు, మానవశాస్త్రజ్ఞుడు పాల్ హీబర్టు ఈ ప్రాంతపు గ్రామమొకదానిని పరిశీలించి 1971లో 'కొండూరు' అను గ్రంథము ప్రకటించెను. పల్లెను పల్లెగా చూచిన ఆ దృష్టి సంఘచరిత్రకును కావలయును.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరువేరు జిల్లాలైనవి. ప్రతి జిల్లాకు చరిత్ర వ్రాయు ఉత్సాహము సహజము. కోటలు, కవులు అందు తప్పక వత్తురు. వారితోపాటు సంఘముల బాప్తిస్మపు పుస్తకములను, సమాధిఫలకములను, వృద్ధుల జ్ఞాపకములను సేకరింపుడని యువ పరిశోధకులను కోరుచున్నాము. ఇచ్చినవారి పేర్లు ఇదివరకే అచ్చైనవి. పుచ్చుకొని, తిరిగి యిచ్చినవారి పేర్లు ఇంకను పల్లెలలో నోటిమాటగా నున్నవి; ఆ నోళ్ళు మూగపోకముందే వానిని వ్రాసికొనుట మన విధి.