చిగురుపన్ను నుంచి యానాం సంచి దాకా

అంతర్వేది దగ్గర, వశిష్ఠ సముద్రంలో కలిసే ఇసుక నేలల్లో తాడిచెట్లకు కొదవ లేదు. తెల్లవారుతుండగా మోకు బిగించి చెట్టెక్కినవాడు నిండిన కుండ దించుకుని, గెల కొసను పలచగా చెక్కి, మరో కుండ కట్టి దిగుతాడు. పొద్దున తియ్యగా ఉన్న రసం ఎండెక్కేసరికి నురగ కట్టి పులుస్తుంది. ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. చక్కెర చెట్టులోనే ఉంది, పులియబెట్టే ఈస్టు గాలిలోనే ఉంది.

జపాన్‌లోని ఇకీ దీవివాళ్లకు ఇంత సుళువు లేదు. క్యూషూకూ కొరియాకూ నడుమ ఉన్న ఆ దీవిలో బార్లీతో షోచూ అనే సారా కాస్తారు. బార్లీలో ఉండేది పిండిపదార్థం. అది చక్కెరగా మారాలంటే బియ్యం ఉడికించి, దాని మీద కోజీ అనే బూజు పెంచాలి. ఆ బియ్యపు కోజీ ఒక పాలు, బార్లీ రెండు పాళ్లు. పులిశాక బట్టీ పెట్టి దింపుతారు. బియ్యం ఉండగా బార్లీ ఎందుకంటే, పండిన వరి శిస్తు కింద దొరలకు పోయేదనీ, రైతుకు మిగిలింది బార్లీయేననీ అక్కడివాళ్లు చెబుతారు. 1995లో ఆ సారాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అక్కడ శిస్తు కొత్త సారాను పుట్టించింది. గోదావరి మీద పితూరీనే పుట్టించింది.

అంతర్వేదికి ఎగువన, పాపికొండల పక్కనున్న రంప సీమలో కొండవాళ్లకు జీలుగు కల్లు ఒట్టి మత్తు కాదు, ఎండాకాలపు ఆహారం. చెట్టు గీసినందుకు అక్కడి పాలకుడైన మన్సబ్‌దారు చిగురుపన్ను పిండేవాడు. అది చాలదన్నట్టు మద్రాసు సర్కారు కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి అవసరానికి సైతం కల్లు గీయకూడదంది. ఆ హక్కు గుత్తేదార్ల పాలైంది. 1879 మార్చిలో రంప తిరగబడింది. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య నడిపిన ఆ పోరును అణచడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. 1880లో ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. సర్కారు మన్సబ్‌దారును తొలగించి, కొండ ఊళ్ల పెద్దలైన ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

మైదానంలో కథ కాగితాల మీద నడిచింది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. సామర్లకోటలో వెలసిన కంపెనీ పేరే ‘దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ’. పంచదార, సారా ఒకే గడప లోపల! అక్కడ దింపితే సర్కారు సారా, లంకల్లో బెల్లం ఊటతో దింపితే దొంగసారా.

1954 నవంబరు మొదటి వారం చిత్రమైనది. 1వ తేదీన ఫ్రెంచి యానాం భారత్ చేతికి వచ్చింది. 6న ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. కారణం మద్యనిషేధం. నిషేధంతో బతుకుతెరువు పోయిన గీత కార్మికుల కోసం పోరాడిన గౌతు లచ్చన్న ఆ ప్రభుత్వానికి ఎదురు నిలిచారు.

నాలుగు దశాబ్దాలకు గాలి మళ్లింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1997లో ఆ నిషేధం సడలింది.

ఆ రెండేళ్లూ కోనసీమ కళ్లు యానాం మీదే. గోదావరి ఒక కొసన అంతర్వేది, ఇంకో కొసన యానాం. పుదుచ్చేరి చట్టం నడిచే ఆ ఊళ్లో నిషేధం లేదు, పన్నూ తక్కువే. అప్పటికి ఎదుర్లంక దగ్గర వారధి లేదు. గౌతమి దాటించే పంటు మీద వెళ్లేటప్పుడు ఖాళీగా ఊగిన సంచులు, వచ్చేటప్పుడు గలగలమనేవి.