ఇప్ప ముందు తిండి, ఆ తర్వాతే సారా

ఇప్పపువ్వు అనగానే మా జగిత్యాల దిక్కు చాలామంది సారా ముచ్చటే ఎత్తుతారు. ఉట్నూరు ఏజెన్సీలో పంతులుగా పనిచేసినవాణ్ని, నాకది అన్యాయంగా తోస్తుంది. గోండులకు, కొలాములకు ఆ పువ్వు ముందు తిండి. సర్కారు రాతల్లోకి మాత్రం సారాగానే ఎక్కింది. రాసినవాళ్లు పన్ను వసూలు చేసేవాళ్లు మరి.

ఫాల్గుణం, చైత్రాల్లో చెట్టు ఆకు రాల్చి గుత్తులు పెడుతుంది. తెల్లవారకముందే పూలు రాలడం మొదలవుతుంది. ఆడవాళ్లు చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి, కాల్చి నేల సాపు చేసిపెట్టుకుంటారు. చీకటితోనే గంపలు పట్టుకుని పోతారు. ఆలస్యమైతే పశువులో, జింకలో తినేస్తాయి. ఎలుగుబంటికీ ఇప్ప అంటే ప్రాణం, అందుకే ఒంటరిగా ఎవరూ పోరు. ఏరిన పువ్వును వాకిట్లో ఆరబోస్తే కొన్నాళ్లకు ఎండుద్రాక్ష రంగుకు తిరుగుతుంది. అప్పుడు దాని బరువులో సగానికి తక్కువ కాకుండా చక్కెరే ఉంటుంది.

ఆ పువ్వును పెంక మీద దోరగా వేయించి, నువ్వులు కలిపి రోట్లో దంచి ముద్దలు చేస్తారు. జొన్నపిండిలో కలిపి రొట్టె కొడతారు. ఉట్టి పువ్వు ఉడకబెట్టుకుని కూడా తింటారు. ఎండకాలం వచ్చేసరికి వానకాలపు జొన్న గుమ్మి అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే ఇప్ప రాలుతుంది. అందుకే అడవి నరికి చేను చేసుకున్నప్పుడూ ఇప్పచెట్టు మీద గొడ్డలి వేయలేదు. పువ్వయ్యాక కాయ వస్తుంది. దాని గింజల నూనె కూరకూ దీపానికీ పనికొస్తుంది. నూనె తీయగా మిగిలిన చెక్కను వాగు మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి పైకి తేలతాయి.

ఆకలి తీర్చే తిండికి రాజు అండ దొరికితే కథ వేరుగా ఉంటుంది. తిరువాంకూరును 1880 నుంచి 1885 దాకా ఏలిన విశాఖం తిరునాళ్ తన ప్రజల ఆకలి తీర్చడానికి కర్రపెండలం సాగును పనిగట్టుకుని పెంచాడు. దక్షిణ అమెరికా దుంప అది. ఇవాళ మన సగ్గుబియ్యం దాని పిండే. ఒక రాజు పూనుకున్నాడు కనుక ఆ దుంప కథ చరిత్రకెక్కింది. ఆదిలాబాద్ అడవిలో ఆకలి తీర్చిన చెట్టును ఏ రాజూ నాటించలేదు. పైగా అడ్డుకున్నారు. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు మీదనే ఒక చట్టం తెచ్చి, థానా, కొలాబా జిల్లాల్లో దాన్ని ఏరి దాచుకునేవాళ్లకు కట్టడి పెట్టింది. నిజాం రాజ్యంలో సారా ఆబ్కారీ గుత్తేదారుల చేతిలో ఉండేది. పూజకు, పెళ్లికి, చావుకు గోండులు ఇప్పసారా ధార పోయాల్సిందే. ఇంట్లో కాస్తే నేరం. దేవుడి వాటా కూడా దొంగసొమ్మయింది. అడవిలో అడుగడుగునా జంగ్లాత్ వాళ్ల కట్టడి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చిన పోరాటం భూమి కోసం, అడవి కోసం. ఆ అడవి అన్న మాటలో ఈ పువ్వూ ఉందని నేను నమ్ముతాను.

చిన్నతరహా అటవీ ఫలసాయం మీద ఆదివాసులకు యాజమాన్య హక్కు ఉందని చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు కడుతోంది. ఆశ్రమ పాఠశాలల పిల్లలకు రక్తహీనత తగ్గాలని అవి పెడుతున్నారు. ఆ బళ్లలో కళ్ల కింద పాలిపోయిన పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని గనుక, ఈ పని ఎంత అవసరమో నాకు తెలుసు.

నా దిగులల్లా చెట్ల గురించే. ఇప్ప పూతకు రావాలంటే పదేళ్లయినా కావాలి. నేల సాపు చేయడానికి పెట్టే మంటకే మొలకలు మాడిపోతున్నాయి. పత్తి చేలల్లో ట్రాక్టర్‌కు అడ్డమని ముసలి చెట్లు కొట్టేస్తున్నారు. హరితహారం పేరుతో ఊరూరా నర్సరీలు పెట్టాం కదా, ఏజెన్సీ నర్సరీల్లోనైనా ఏటా ఇప్ప మొక్కలు పెంచి చేను గట్ల మీద నాటించాలి.