బేల అంటే ఏ పండు? ఎండాకాలం పానకాలు, మన మాటలు

బరంపురం తెలుగింట్లో "బేల పణా" అంటే మారేడు పండు గుజ్జుతో చేసేది. బెంగుళూరు, మైసూరు వైపు తెలుగింట్లో "బేలపండు పానకం" అంటే వెలగపండుతో చేసేది. రెండూ చైత్రం ఎండల్లోనే చేస్తారు. రెండిట్లోనూ బెల్లమే పడుతుంది. రెండు పండ్లకూ రాయిలాంటి పెంకే, పగలగొట్టడానికి రోకలి కావాల్సిందే. పేరు ఒకటి, పండ్లు రెండు. మారేడు గుజ్జు పసుపు పచ్చగా, జిగురుగా, కమ్మటి వాసనతో ఉంటుంది. వెలగ గుజ్జు ముదురు గోధుమ రంగులో, పుల్లగా, కాస్త వగరుగా ఉంటుంది. ఒకదాని కొలతతో రెండోది చేస్తే తాగేట్టు ఉండదు. ఒడిశా పిల్ల కర్ణాటక కోడలైతే, అత్తగారు "బేలపండు తెప్పించమ్మా" అన్నప్పుడు సంతకి ఎవర్ని పంపినా ఇంటికి ఏది వస్తుందో చెప్పలేం. ఇంగ్లీషులో అడిగి తేల్చుకుందామా అంటే "వుడ్ యాపిల్" అని రెండింటినీ అంటారు.

ఈ చిక్కు ఎక్కడ పడిందో చూస్తే సంగతి బాగుంటుంది. ఒడియా వాళ్ళ "బేల" సంస్కృతం బిల్వం నుంచి వచ్చింది. శివుడికి వేసే బిల్వ పత్రం, అంటే మన మారేడు దళం. కన్నడం వాళ్ళ "బేల" దారి వేరు. అది మన "వెలగ"కి చుట్టం. మన మాటకి మొదట్లో "వ" ఉంటే కన్నడంలో అది "బ" అవుతుంది కదా. మన వేరు వాళ్ళకి బేరు, మన వెన్న వాళ్ళకి బెణ్ణె, మన వేట వాళ్ళకి బేటె. ఆ లెక్కలోనే మన వెలగ, తమిళం వాళ్ళ విళా, కన్నడం వాళ్ళ బేల ఒక్క కుటుంబం. తమిళనాడులో ఉన్న మనవాళ్ళకి ఇంకో తిప్పలు. అక్కడ వెలగ "విళా", మారేడు "విల్వం". గబగబా అంటే చెవికి రెండూ ఒకటే.

మధ్యలో ఉన్న మన మాటలు చూడండి, వెలగ, మారేడు. ఒకదానితో ఒకటి కలిసే ప్రశ్నే లేదు. చుట్టూ ఉన్న భాషలు తికమక పడ్డ చోట మన పాత జంట తేటగా ఉంది. బయట ఉన్నవాళ్ళం ఆ రెండు మాటలూ వదిలేసి పక్కవాళ్ళ "బేల" పట్టుకున్నాం. తప్పని అనను. సంతలో అమ్మేవాడికి ఏది అర్థమైతే అదే అంటాం. కాకపోతే ఇంట్లో కూడా అదే మాట మిగిలితే, అమ్మమ్మ చెప్పిన పద్ధతి ఏ పండుదో మనవరాలికి తెలిసే వీలుండదు.

అందుకని రెండు పద్ధతులూ ఇక్కడ పెడుతున్నా. వెలగపండు పండిందో లేదో తెలియాలంటే జానెడు ఎత్తునుంచి నేలమీద వదలండి. ఎగిరితే పచ్చిది, ధబ్బున పడి ఉండిపోతే పండింది. గుజ్జు గరిటెతో గీకి తీసి, గుజ్జు ఎంతో బెల్లం తురుము అంత వేసి పిసకాలి. దానికి మూడింతలు నాలుగింతలు నీళ్ళు పోసి, చిల్లుల పళ్ళెంలో వడకట్టి, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి కలపాలి. మారేడుకి తొందర పనికిరాదు. గుజ్జుని గంటసేపు నీళ్ళలో నాననిచ్చి, చేత్తో మెల్లిగా పిసికి, గింజలు చితక్కుండా వడకట్టాలి. మిక్సీలో వేశారా, గింజ నలిగి చేదు దిగుతుంది. తర్వాత బెల్లం, మిరియాల పొడి, పాలో పెరుగో, పచ్చికొబ్బరి కోరు, అరటిపండు ముక్కలు. ఒడియా వాళ్ళు కాస్త ఛెనా కూడా చిదిమి వేస్తారు. అది వేస్తే తాగేది కాస్తా తినేది అవుతుంది, నాకైతే అదే ఇష్టం.

ఇప్పుడు పానకం అన్న మాట దగ్గరికి వద్దాం. సంస్కృత "పానక"మే మనకు పానకం, కన్నడానికి పానక, తమిళానికి పానకం, ఒడియాకి పణా, మరాఠీకి పన్హె. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర ఉన్న మానసోల్లాసంలో రాజు తినేవాటితో పాటు తాగేవాటి గురించీ రాశారు. ఆ కల్యాణి ఇప్పటి బీదరు జిల్లా బసవకల్యాణ. కన్నడం, మరాఠీ, తెలుగు మూడూ వినబడే చోటు. గుంటూరు, కృష్ణా వైపు పానకాలరావు అని మనిషికే పేరు పెట్టుకుంటారు, మంగళగిరి పానకాల నరసింహస్వామి పుణ్యమా అని. ఏ పనికైనా అడ్డంపడేవాణ్ణి "పానకంలో పుడక" అంటాం. ఇంతగా ఇంటి మాట అయిపోయింది అది.

నాకు ఎప్పుడూ ముచ్చట గొలిపేది పానకం ఒంటరిగా రాకపోవడం. పక్కన నానబెట్టిన పప్పు ఉండాలి. ఆంధ్రలో శ్రీరామనవమికి పానకం, వడపప్పు. కర్ణాటకలో పానకం, కోసంబరి, పక్కన నీళ్ళ మజ్జిగ. మహారాష్ట్రలో చైత్రగౌరి పేరంటానికి మామిడికాయ ఉడికించి చేసే పన్హె, దానికి జోడీ నానిన శనగపప్పుని కచ్చాపచ్చాగా నూరి మామిడి తురుము కలిపిన డాళ్. ఒక్క జంటే, ఊరూరికీ బట్టలు మార్చుకుంది. సోలాపురంలో స్థిరపడిన తెలంగాణ పద్మశాలి ఇళ్ళకీ, హోసూరు ఇళ్ళకీ, పర్లాకిమిడి ఇళ్ళకీ వంట వేరు కావచ్చు, చైత్రంలో బెల్లంనీళ్ళు చెయ్యాలన్న లెక్క వేరు కాదు.

ఒడిశాలో మాత్రం రోజు మారింది. వాళ్ళ పణా సంక్రాంతి సౌరమానం ప్రకారం మేష సంక్రమణం నాడు, ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది. తులసి కోట మీద అడుగున చిన్న చిల్లున్న కుండ వేలాడదీసి నీళ్ళు చుక్క చుక్కగా పడనిస్తారు. మన నవమి చాంద్రమానం, ఏటా తేదీ జరుగుతుంది. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అక్కడి తెలుగువాళ్ళకి ఈ రెండు పండుగలూ చేసుకోవడం కొత్త కాదు. కొన్నేళ్ళు రెండూ వారం తేడాలో వస్తాయి. అప్పుడు ఇంట్లో మిరియాల పానకం, మారేడు పణా వెంట వెంటనే. ఒక పండుగ తక్కువైందని ఎవరూ బాధపడరు!

మామూలు పానకం కొలత అందరికీ తెలిసిందే, ఐనా రాస్తున్నా: కప్పు బెల్లానికి నాలుగు కప్పుల నీళ్ళు, అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా ఏలకులు, చిటికెడు శొంఠి. తమిళనాడులో నిమ్మరసమో చింతపండు పులుసో పిండుతారు. పులుపు పడ్డ పానకం దాహం బాగా తీరుస్తుందని నా అభిప్రాయం. కోస్తావాళ్ళు ఒప్పుకోరు.

మజ్జిగ కథ వేరు. "మజ్జిగ" అన్నది కర్ణాటకలో గట్టిగా నిలబడింది, పక్కింటి కన్నడంలో "మజ్జిగె" ఉంది కాబట్టి. "చల్ల" అలా కాదు. బ్రౌను నిఘంటువులో ఉన్న మాటే, "చల్లకొచ్చి ముంత దాచినట్టు" అని సామెతలో ఉన్న మాటే, చల్లకవ్వంలో ఉన్న మాటే. కోస్తా పట్నాల్లో అది సామెతకే పరిమితమైంది. తెలంగాణలో "సల్ల" అని ఇప్పటికీ నోట్లో ఉంది, అక్కణ్ణుంచి మగ్గం పని మీద సోలాపురం, భివండి పోయినవాళ్ళ వెంట పోయింది. అక్కడ మరాఠీ "తాక్"కీ దీనికీ పోలిక లేదు. అందుకని పిల్లలు బడిలో "తాక్", ముసలమ్మ దగ్గర "సల్ల" అంటారు. తమిళనాడులో "మోరు" అలాగే ఇంట్లోకి వచ్చేసింది. బయటి తెలుగుని సొంత రాష్ట్రాలవాళ్ళు విని "అది తెలుగు కాదు, మరాఠీ కలిసింది" అని నవ్వడం మనందరికీ అనుభవమే. ఆ నవ్వేవాళ్ళకి "సల్ల" పల్లెటూరి మాటగా వినబడుతుంది. నిజానికి వాళ్ళు వదిలేసిన ఇంటి సామాను మన దగ్గర భద్రంగా ఉంది. నవ్వుతారని పిల్లలు నోరు మూసుకుంటున్నారే, దానికే నా బాధంతా.

సుగంధిపాల సంగతి పెద్దగా సాగదీయను. సన్న వేళ్ళ తీగని కోస్తాలో సుగంధిపాల, తమిళంలో నన్నారి, ఒడియా, మరాఠీల్లో అనంతమూలం అంటారు. రాయలసీమా, చిత్తూరు అంచున ఉన్నవాళ్ళూ నన్నారి షర్బత్ అనే అంటారు. కొండల్లో తవ్వే లావు గడ్డలు ఇంకో తీగవి, వాసన మాత్రం దగ్గరే. వాటిని కొన్నిచోట్ల "మారేడు కొమ్ములు" అంటారు. మళ్ళీ మారేడే! మారేడు చెట్టుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఈ మధ్య పెళ్ళిళ్ళలో "మాక్‌టెయిల్" కౌంటరు పెడుతున్నారు. పుదీనా, నిమ్మకాయ, సోడా. బాగానే ఉంటుంది, నేనూ తాగుతాను. కాకపోతే ఆ పేరు, అందులో లేనిదాన్నిబట్టి పెట్టింది. మందు లేదని చెప్పుకోవాల్సిన అవసరం మన తాతలకీ ఒకప్పుడు వచ్చింది లెండి. రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరు 1న సేలంలో మద్యనిషేధం మొదలెట్టింది, మరుసటేడు చిత్తూరు, కడప జిల్లాలకి వచ్చింది. తెలుగువాళ్ళు బాగా ఉన్న చోట్లే ఇవి. తాటి కల్లు పులియకుండా కుండ లోపల సున్నం పూసి దించే తియ్యటి నీరు తమిళంలో పదనీరు, మనకి నీరా. కుండకి సున్నం ఉందా లేదా అన్నదాన్ని బట్టే అది పానీయమో నేరమో తేలేది. యానాం పేరు చెబితే పక్క జిల్లాలవాళ్ళు ఎందుకు నవ్వుతారో తెలుసు కానీ, నవమినాడు అక్కడి వీధిలో పంచేదీ మిరియాల పానకమే. దగ్గర్లోని రామచంద్రపురంలోనే 1919లో మొదలైన ఆర్టోస్ సోడా పుట్టింది.

చివరగా తరవాణి. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు కుండలో పోసి, రోజూ కొంత తీసి కొంత పోస్తూ పులవనిచ్చేది. ఒడియాలో అదే "తొరాణి". పూరీలో జగన్నాథుడి మహాప్రసాదం అన్నంతో చేసే టంక తొరాణిలో పెరుగు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, నిమ్మాకు వేస్తారు. మనవాళ్ళు మజ్జిగలో దబ్బాకు చిదిమి వేసినట్టే. మన ఇళ్ళలో తరవాణి కుండ ఎప్పుడో అటకెక్కింది, మాట కూడా దాంతోపాటే. పూరీ గుడి ఆనందబజారులో మాత్రం టంక తొరాణి ఇప్పటికీ అమ్ముతున్నారు.